మన రాష్ట్రంలో ఫ్యాక్టరీ, క్వారీ, నిర్మాణ ఉద్యోగాలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా: లెక్క చూసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు, కావలి, మార్కాపురం వైపు నుంచి నాకు వచ్చే సందేహాలు తిప్పి తిప్పి ఇవే. డిగ్రీ ప్రాజెక్టు చేసే పిల్లలు, మండల విలేకరులు, యూనియన్ వాళ్లు, పిల్లాణ్ని ఐటీఐలో చేర్చాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులు, అందరూ అడుగుతున్నారు. అందుకని ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టొచ్చు, సర్వేల పొట్టి పేర్లు తెలియకపోతే మాత్రం "లెక్కలు ఎక్కడ దొరుకుతాయి" భాగం ముందు చూడండి.

## మొదలుపెట్టే ముందు

వస్తువులు తయారుచేసే రంగం అంటే ఏవేవి? మా రొయ్యల చెరువు అందులోకి వస్తుందా?

చెరువు రాదు. చెరువులో పట్టిన రొయ్యను తలలు తీసి, ఒలిచి, గడ్డకట్టించే ప్లాంట్ వస్తుంది. మన దేశంలో ప్రతి పనికీ ఎన్ఐసీ-2008 అనే వర్గీకరణలో ఒక కోడ్ ఉంటుంది. అందులో బి అంటే గనులు, క్వారీలు, సి అంటే తయారీ (10 నుంచి 33 వరకు డివిజన్లు), ఎఫ్ అంటే నిర్మాణం. ఈ మూడూ కలిస్తే వస్తువులు తయారుచేసే రంగం అనుకోవచ్చు. రొయ్యల పెంపకం, హేచరీలు మూడో డివిజన్‌లో వ్యవసాయం కిందికి పోతాయి, రొయ్యల ప్రాసెసింగ్ పదో డివిజన్‌లో తయారీ కిందికి వస్తుంది. పొగాకు కూడా అంతే, పొలంలో పండించడం వ్యవసాయం, ఈనె తీసి మళ్లీ ఆరబెట్టే ప్లాంట్ తయారీ. రైస్ మిల్లు తయారీయే. ఒకే కుటుంబంలో భర్త చెరువు మీద కాపలా, భార్య ప్లాంట్‌లో పని అయితే ఇద్దరూ వేరు వేరు రంగాల లెక్కలో ఉంటారు.

కృష్ణపట్నం పోర్టులో పనిచేసేవాళ్లను, థర్మల్ ప్లాంట్ వాళ్లను కలపాలా?

పోర్టు వాళ్లను కలపకండి, అది రవాణా రంగం. పోర్టు పక్కన ఉన్న వంటనూనె రిఫైనరీల్లో పనిచేసేవాళ్లు మాత్రం తయారీ రంగమే. నేలటూరు దామోదరం సంజీవయ్య థర్మల్ ప్లాంట్ లాంటివి డి సెక్షన్‌లో విద్యుత్ కిందికి వస్తాయి. మన రాష్ట్ర స్థూల ఉత్పత్తి లెక్కల్లో విద్యుత్‌ను పరిశ్రమలోనే కలుపుతారు, అమెరికా లెక్కల్లో అయితే వస్తువుల రంగం అంటే గనులు, నిర్మాణం, తయారీ మాత్రమే. మీరు ఏది ఎంచుకున్నా ఫర్వాలేదు, మొదటి పేజీలోనే ఆ మాట రాసి, చివరిదాకా దానికే కట్టుబడండి. మధ్యలో మార్చితే మాత్రం పెరుగుదల అంతా అబద్ధమవుతుంది.

పేపర్లో "ఈ ప్రాజెక్టుతో ఇన్ని వేల ఉద్యోగాలు" అని వస్తుంది కదా, అది రాసుకుంటే సరిపోదా?

సరిపోదు. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఇదే. ఒప్పందం రోజు చెప్పే అంకె పెట్టుబడిదారుడి అంచనా. అందులో ప్రత్యక్షం, పరోక్షం రెండూ కలిసి ఉంటాయి, కట్టేటప్పుడు రెండు మూడేళ్లు మాత్రమే ఉండే కూలీ పని కూడా చాలాసార్లు కలిసి ఉంటుంది. రామాయపట్నం పోర్టుకు 2022 జూలైలో శంకుస్థాపన జరిగింది. అలాంటి చోట మొదటి ఏళ్లలో కనిపించే జనమంతా నిర్మాణ కార్మికులే, పని అయిపోగానే ఇంకో సైట్‌కి వెళ్లిపోతారు. ప్రకటన అంకెను ఒక కాలమ్‌లో పెట్టండి, దాని పక్కన మూడేళ్ల తర్వాత, ఐదేళ్ల తర్వాత నిజంగా ఎంతమంది పనిచేస్తున్నారో రాయడానికి ఖాళీ కాలమ్‌లు పెట్టండి. ఈ రెండో పని చేసేవాళ్లు మన దగ్గర చాలా తక్కువ, అందుకే మీలాంటివాళ్లు చేస్తే దానికి విలువ.

వారంలో ఒక్కరోజు కూలికి పోయినా ఉద్యోగం ఉన్నట్టే లెక్కేస్తారంట, నిజమేనా?

ఒక పద్ధతిలో నిజమే. జాతీయ గణాంక కార్యాలయం చేసే పీఎల్ఎఫ్ఎస్ (ఎవరు ఏ పనిలో ఉన్నారో ఇళ్లలో అడిగే కార్మిక శక్తి సర్వే)లో రెండు రకాల లెక్కలుంటాయి. ప్రస్తుత వారపు స్థితి అంటే, సర్వే తేదీకి ముందు ఏడు రోజుల్లో ఏ ఒక్కరోజైనా కనీసం గంట పనిచేస్తే పనిలో ఉన్నట్టే. సాధారణ స్థితి అంటే, గడిచిన 365 రోజుల్లో ఎక్కువకాలం ఏం చేశారో చూస్తారు, దాంతోపాటు 30 రోజులు లేదా అంతకుమించి ఏదైనా అనుబంధ పని చేస్తే దాన్నీ పట్టుకుంటారు. పొగాకు ప్లాంట్‌లో ఈనె తీసే పనికి మూడు నెలలు పోయి, మిగతా ఏడాది పొలం పనులు చేసే ఆవిడ సాధారణ స్థితిలో ప్రధానంగా వ్యవసాయం, అనుబంధంగా తయారీ. మీరు తీసుకున్న టేబుల్ ఈ రెండింట్లో ఏదో చూడకుండా ఒక అంకె కూడా రాసుకోకండి.

## లెక్కలు ఎక్కడ దొరుకుతాయి

అన్నా, సర్వేల పేర్లే అరడజను ఉన్నాయి. నాకు టైమ్ లేదు, ఒక్కటి చెప్పు.

రాష్ట్రం మొత్తం మీద ఏ రంగంలో ఎంత శాతం మంది ఉన్నారో చూడాలంటే పీఎల్ఎఫ్ఎస్. ఇది కొన్ని ఇళ్లను శాంపిల్‌గా తీసుకుని ఇంటి దగ్గరే అడిగే సర్వే కాబట్టి క్వారీ, మేస్త్రీ పని, ఫ్యాక్టరీ, పలకల షెడ్డు అన్నీ వస్తాయి. 2017 ఏప్రిల్‌లో మొదలైంది. వార్షిక నివేదికలో రాష్ట్రాల వారీగా, రంగాల వారీగా శాతాలుంటాయి. కేంద్ర గణాంక శాఖ వాళ్ల ఈ-సాంఖ్యికి పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతుంది. దేశం మొత్తం మీద 2023-24లో తయారీలో 11.4 శాతం, నిర్మాణంలో 12 శాతం మంది ఉన్నారని అదే చెప్పింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. పరిశ్రమల గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ ఫ్యాక్టరీ గేటు వైపే చూస్తాం గానీ, అంతకంటే ఎక్కువమంది సిమెంటు, ఇసుక మధ్యే బతుకుతున్నారు.

రిజిస్టర్డ్ ఫ్యాక్టరీల్లో ఎంతమంది ఉన్నారో ఎక్కడ చూడాలి?

వార్షిక పరిశ్రమల సర్వే, అందరూ ఏఎస్ఐ అంటారు. 1948 ఫ్యాక్టరీల చట్టం (2025 నవంబరు దాకా అమల్లో ఉన్నది) కింద రిజిస్టరైన యూనిట్లు ఇందులోకి వస్తాయి, అంటే కరెంటు వాడితే 10 మంది, వాడకపోతే 20 మంది ఉన్నవి. బీడీ యూనిట్లు కూడా ఉంటాయి. నేరుగా పెట్టుకున్న కార్మికులు, కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లు, సూపర్‌వైజర్లు, జీతాల మొత్తం, పనిదినాలు విడివిడిగా దొరుకుతాయి. పరిశ్రమ రకాన్ని బట్టి కూడా విడదీస్తారు కాబట్టి ఆహార ఉత్పత్తులు, పొగాకు, తోలు, రాయి అన్నీ వేరుగా చూడొచ్చు. ఆలస్యం మాత్రం ఉంది, 2023-24 ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. ఈ నెల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఇది పనికిరాదు, పదేళ్ల గీత గీయడానికి దీన్ని మించింది లేదు. నిర్మాణం, గనులు ఇందులో ఉండవని గుర్తుంచుకోండి.

మార్కాపురం పలకల యూనిట్లు, చిన్న చిన్న రాతి పాలిష్ షెడ్లు ఏ లెక్కలోకి వస్తాయి?

పదిమంది కూడా లేని యూనిట్లయితే ఏఎస్ఐలో కనిపించవు. వాటికోసం ఏఎస్‌యూఎస్ఈ అని కంపెనీగా రిజిస్టర్ కాని సంస్థల సర్వే ఉంది. ఇంట్లోనే మగ్గం, బయట షెడ్డులో కటింగ్ మిషన్, ఇంటి మనుషులే పనివాళ్లు అయినా పట్టుకుంటుంది. నిర్మాణ రంగాన్ని మాత్రం వదిలేస్తుంది. 2025 నుంచి మూడు నెలలకోసారి బులెటిన్ కూడా వస్తోంది. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చిన్న షెడ్లలోనే బోలెడంతమంది బతుకుతున్నారు కాబట్టి, ఏఎస్ఐ ఒక్కటే చూసి "ఫ్యాక్టరీ ఉద్యోగాలు ఇంతే" అని రాయడం వాళ్లకు అన్యాయం చేసినట్టే.

క్వారీలు, గనుల్లో పనిచేసేవాళ్ల లెక్క?

గనుల చట్టం, 1952 (2025 నవంబరులో లేబర్ కోడ్‌లలో కలిసింది) పరిధిలోని గనుల్లో రోజువారీ సగటు ఉద్యోగుల లెక్కను గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, డీజీఎంఎస్, సేకరిస్తుంది. రాష్ట్ర గనుల శాఖ దగ్గర లీజులు, ఎంత ఖనిజం తీశారు, ఎంత సీనరేజీ (తీసిన ఖనిజం మీద ప్రభుత్వానికి కట్టే రుసుము) కట్టారు అనేవి ఉంటాయి, మనుషుల లెక్క అంత నమ్మకంగా ఉండదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో ఇంకో చిక్కుంది. కొండలో రాయి కోసేవాడు బి సెక్షన్, అదే బ్లాకును ఊరి దగ్గర యూనిట్‌లో పలకలుగా కోసి పాలిష్ పెట్టేవాడు సి సెక్షన్, దాన్ని పోర్టుకు తోలే లారీ డ్రైవర్ రవాణా. గ్రానైట్ మీద ఎంతమంది ఆధారపడ్డారు అని అడిగితే ఈ మూడూ కలిపి చెప్పాలి. గనుల ఉద్యోగాలు ఎన్ని అని అడిగితే మొదటిదొక్కటే.

ఈపీఎఫ్ఓ ప్రతి నెలా కొత్త ఉద్యోగాలు లక్షల్లో అంటుంది. అవన్నీ కొత్తవేనా?

కాదు. ఈపీఎఫ్ఓ, అంటే పీఎఫ్ సంస్థ, 2018 ఏప్రిల్ నుంచి పేరోల్ లెక్కలు (పీఎఫ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది వెళ్లారు అనేవి) విడుదల చేస్తోంది. అందులో కనిపించే నికర అంకె అంటే కొత్తగా చేరినవాళ్లు, మళ్లీ తిరిగి చేరినవాళ్లు కలిపి, అందులోంచి వెళ్లిపోయినవాళ్లను తీసేయగా మిగిలింది. 20 మంది ఉన్న సంస్థకే చట్టం వర్తిస్తుంది. 19 మంది పనిచేసే ఇంజినీరింగ్ షాపులో ఇంకొకరు చేరితే నిజంగా వచ్చిన ఉద్యోగం ఒకటి, ఈపీఎఫ్ లెక్కలో కనిపించేది ఇరవై. పాత ఉద్యోగం చట్టం కిందికి రావడం మంచిదే, కార్మికుడికి భద్రత వచ్చింది, కానీ అది కొత్త ఉద్యోగం కాదు. 18 నుంచి 25 ఏళ్ల వయసులో మొదటిసారి చేరినవాళ్లను విడిగా చూస్తే కాస్త నిజానికి దగ్గరగా ఉంటుంది. పైగా ఈ అంకెలు తాత్కాలికం, తర్వాతి నెలల్లో సవరిస్తారు. అందుకే తాజా నెల చూసి హడావిడిగా రాయకండి.

ఈ-శ్రమ్‌లో, ఉద్యంలో జిల్లా అంకెలు బాగా దొరుకుతున్నాయి, అవి వాడొచ్చా?

జాగ్రత్తగా. అసంఘటిత కార్మికులు పేరు నమోదు చేసుకునే ఈ-శ్రమ్ 2021 ఆగస్టులో మొదలైంది, చిన్న పరిశ్రమలు నమోదు చేసుకునే ఉద్యం 2020 జూలైలో. రెండూ రిజిస్ట్రేషన్లే. ఒకసారి చేరినవాళ్ల సంఖ్య పేరుకుంటూ పోతుంది, పని మానేసినవాడు, మూసేసిన యూనిట్ ఆటోమేటిక్‌గా తీసివేతకు రావు. ఉద్యంలో ఉద్యోగుల సంఖ్య యజమాని సొంతంగా రాసిందే. ఏ ఏ పనులు చేసేవాళ్లు ఏ మండలంలో ఎక్కువున్నారో ఒక అవగాహనకి వాడండి, ఏడాదికేడాది పెరిగింది అని గీత గీయడానికి వద్దు.

భవన నిర్మాణ కార్మికుల బోర్డులో ఉన్న కార్డుల సంఖ్య చూస్తే నిర్మాణ ఉద్యోగాలు తెలియవా?

తెలియవు. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం (2025 నవంబరులో లేబర్ కోడ్‌లలో కలిసింది) పెట్టిన షరతు ప్రకారం కార్డు రావాలంటే 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి, గత పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. పథకాలు వచ్చినప్పుడు కార్డులు పెరుగుతాయి, ఆగినప్పుడు రెన్యువల్స్ పడిపోతాయి. అడ్డా మీద నిలబడే జనం అదే ఉంటారు, కార్డులే మారతాయి.

## అంకెలు చదివేటప్పుడు

పోయిన నెల కంటే ఈ నెల తగ్గింది, అంటే పరిశ్రమ దెబ్బతిన్నట్టేనా?

మన ప్రాంతంలో నెలకు నెల పోల్చడం పెద్ద పొరపాటు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరులో ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు. కప్పు పోయడం ఆగుతుంది, ఇటుక బట్టీలు ఆగుతాయి, క్వారీల్లో నీళ్లు నిలుస్తాయి. ఎండలు ముదిరాక పొగాకు వేలం కేంద్రాలు జోరుగా నడుస్తాయి, టంగుటూరు, కొండపి వైపు గ్రేడింగ్ షెడ్లలో ఆడవాళ్లు వరసగా కూర్చుని ఆకు రంగు, మచ్చ చూసి కట్టలు కడుతూ ఉంటారు. ఆగస్టు తర్వాత అదే షెడ్డు ఖాళీ. కాబట్టి ఈ ఏడాది నవంబరును పోయిన ఏడాది నవంబరుతోనే పోల్చండి. వీలైతే మూడేళ్ల నవంబర్లు పక్కన పెట్టండి, ఎందుకంటే ఒక ఏడాది తుఫాను వస్తే ఆ తర్వాతి ఏడాది పెరుగుదల లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది.

తయారీ రంగం వాటా 12 శాతం నుంచి 10 శాతానికి పడిందని రాస్తే తప్పంటున్నారు, ఎందుకు?

వాటా తగ్గడం వేరు, మనుషులు తగ్గడం వేరు. ఊహకి ఒక లెక్క వేసుకుందాం. ఊళ్లో వందమంది పనిచేస్తుంటే అందులో 12 మంది ఫ్యాక్టరీకి పోతున్నారు, అంటే 12 శాతం. ఆ తర్వాత ఇంకో ఇరవైమంది ఆడవాళ్లు సొంత గేదెలు పెట్టుకుని పాల పనిలోకి వచ్చారు. ఇప్పుడు పనిచేసేవాళ్లు 120, ఫ్యాక్టరీకి పోయేవాళ్లు ఆ పన్నెండుమందే, శాతం మాత్రం 10. ఫ్యాక్టరీలో ఒక్క ఉద్యోగమూ పోలేదు. పీఎల్ఎఫ్ఎస్ ఇచ్చేది శాతాలు కాబట్టి, జనాభా అంచనాతో గుణించి మనుషుల సంఖ్య కూడా కట్టుకోవాలి. 2011 తర్వాత జనగణన ఫలితాలు లేవు కనుక అంచనా జనాభాయే దిక్కు. ఏ అంచనా తీసుకున్నారో పక్కన రాయండి.

ఏఎస్ఐ ప్రకారం ఫ్యాక్టరీలో 300 మంది, కానీ ఆ ప్లాంట్ ఏడాదిలో సగం రోజులు మూసే ఉంటుంది. ఇదేం లెక్క?

లెక్క పద్ధతే అంత. ఏఎస్ఐలో సగటు కార్మికుల సంఖ్య అంటే మొత్తం పనిదినాలను, ఫ్యాక్టరీ నడిచిన రోజులతో భాగిస్తే వచ్చేది. వంద రోజులే నడిచిన ప్లాంట్‌లో రోజుకు 300 మంది పనిచేస్తే పనిదినాలు 30,000, వందతో భాగిస్తే 300. మూడొందల రోజులు నడిచిన ప్లాంట్‌లో రోజుకు 300 మంది ఉన్నా అదే 300 కనిపిస్తుంది. కానీ మొదటి ప్లాంట్ మనిషికి దొరికింది వంద రోజుల కూలి, రెండో ప్లాంట్ మనిషికి మూడొందల రోజులది. పొగాకు, రొయ్యలు, చక్కెర లాంటి సీజన్ పరిశ్రమలున్న చోట మనుషుల సంఖ్యతో పాటు పనిదినాల కాలమ్ కూడా తప్పకుండా తీసుకోండి. ఒక్క కాలమ్ ఎంచుకోమంటే నేను పనిదినాలే ఎంచుకుంటాను, ఎందుకంటే ఇంట్లోకి డబ్బు వచ్చేది దాన్నిబట్టే.

కాంట్రాక్ట్ వాళ్లను లెక్కలో చూపించరంట కదా?

ఏఎస్ఐలో చూపిస్తారు, విడి కాలమ్ ఉంది, దేశం మొత్తం మీద ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవాళ్లు 40 శాతం దాటారు. వేరే చోట్ల మాత్రం తారుమారవుతుంది. మ్యాన్‌పవర్ ఏజెన్సీ పేరు మీద పీఎఫ్ కట్టే మనిషి ఈపీఎఫ్ఓ పరిశ్రమల జాబితాలో "నిపుణ సేవలు" అనే వర్గంలో పడతాడు, రోజంతా ఫ్యాక్టరీ లైన్ మీద నిలబడినా సరే. ఒక కంపెనీ నేరుగా పెట్టుకున్న రెండొందలమందిని ఏజెన్సీకి మార్చేస్తే, కాగితం మీద తయారీ ఉద్యోగాలు తగ్గి సేవల ఉద్యోగాలు పెరుగుతాయి. పనీ అదే, మనుషులూ వాళ్లే. "సేవా రంగం దూసుకుపోతోంది" అని రాసే ముందు దయచేసి ఈ వర్గాన్ని తెరిచి చూడండి.

ఒక సర్వే పెరిగిందంటే ఇంకోటి తగ్గిందంటుంది. ఏది నమ్మాలి?

రెండూ నిజం కావచ్చు. ఒకటి మనిషిని ఇంటి దగ్గర అడుగుతుంది, ఇంకోటి ఫ్యాక్టరీ రిజిస్టర్ చూస్తుంది. పెద్ద ఫ్యాక్టరీలు మనుషుల్ని తీసుకుంటూ ఉండగానే పక్కన చిన్న షెడ్లు మూతపడొచ్చు. అప్పుడు ఏఎస్ఐ పెరుగుతుంది, పీఎల్ఎఫ్ఎస్ కదలదు. విరుద్ధంగా ఉన్నప్పుడు ఒకదాన్ని పారేయకుండా ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో వెతకండి, చాలాసార్లు రాయాల్సిన విషయం ఆ తేడాలోనే దొరుకుతుంది.

పారిశ్రామిక ఉత్పత్తి సూచీ, కరెంటు వాడకం పెరిగితే ఉద్యోగాలు పెరిగినట్టు కాదా?

కాదు. ఆ రెండూ యంత్రం ఎంత తిరిగిందో చెబుతాయి. కొత్త కటింగ్ మిషన్ వస్తే కరెంటు పెరుగుతుంది, మనుషులు తగ్గుతారు.

2025లో లేబర్ కోడ్‌లు వచ్చాయి, దానివల్ల లెక్కలు మారతాయా?

జాగ్రత్త పడాల్సిన చోటు ఇది. పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వృత్తి భద్రత కోడ్‌లో ఫ్యాక్టరీ అంటే కరెంటు వాడితే 20 మంది, వాడకపోతే 40 మంది ఉండాలి. పాత హద్దు 10, 20. అంటే 12 మంది పనిచేసే రైస్ మిల్లు మూతపడకుండానే, ఒక్క మనిషీ మానకుండానే, ఫ్యాక్టరీ అనే పేరు కోల్పోవచ్చు. ఇకమీద వచ్చే ఫ్యాక్టరీల సంఖ్యను పాత సంఖ్యతో పోల్చేటప్పుడు ఏ హద్దు ప్రకారం లెక్కించారో ముందు చూడండి.

## మన ప్రాంతం సంగతులు

జిల్లా స్థాయిలో అంకెలు దొరుకుతాయా?

కొంతవరకు. ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం, అంటే సీపీఓ ఆఫీసు, జిల్లా గణాంక దర్శిని తెస్తుంది. అందులో రిజిస్టర్డ్ ఫ్యాక్టరీలు, కార్మికుల సంఖ్య ఉంటాయి. రాష్ట్ర స్థాయిలో ఆర్థిక గణాంక శాఖ లెక్కలు, బడ్జెట్‌తో పాటు వచ్చే సామాజిక ఆర్థిక సర్వే ఉన్నాయి. పీఎల్ఎఫ్ఎస్ 2025 జనవరి నుంచి జిల్లాను మూల యూనిట్‌గా తీసుకుని శాంపిల్ ఎంపిక చేస్తోంది, అది మంచి మార్పు. అయినా ఒక జిల్లాలో, ఒక రంగంలో శాంపిల్‌కి దొరికే ఇళ్లు తక్కువే. జిల్లా అంకె ఒక శాతం అటూ ఇటూ ఊగితే దాన్ని ధోరణి అనకండి.

2022 తర్వాత నెల్లూరు జిల్లాలో ఫ్యాక్టరీ కార్మికులు ఒక్కసారిగా తగ్గినట్టుంది. ఏమైంది?

ఫ్యాక్టరీలు ఎక్కడికీ పోలేదు, జిల్లా సరిహద్దు గీత పక్కకు జరిగింది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. మాంబట్టులో వేలమంది ఆడపిల్లలు పనిచేసే బూట్ల ఫ్యాక్టరీ, మేనకూరు సెజ్ వాటితోపాటే వెళ్లాయి. అప్పుడే కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది, చీరాల బాపట్లకు పోయింది. ఇలాంటప్పుడు జిల్లా పేరుతో పదేళ్ల గీత గీస్తే ఉన్న ఉద్యోగాలు మాయమైనట్టు కనిపిస్తాయి. మండలాల జాబితా ఒకటి రాసుకుని, ప్రతి ఏడాదీ అవే మండలాలు కలపండి. "ఉమ్మడి నెల్లూరు", "ఉమ్మడి ప్రకాశం" అని తీసుకుంటే పని సులువు. రాష్ట్రం లెక్కలకైతే 2014 జూన్ 2 ముందున్న అంకెల్లో తెలంగాణ కలిసి ఉందేమో కూడా చూసుకోండి.

మా అమ్మాయి ఉండేది ఒక జిల్లాలో, బస్సెక్కి పోయేది ఇంకో జిల్లా ఫ్యాక్టరీకి. ఎక్కడ లెక్కేస్తారు?

ఇంటి సర్వేలో ఇంటి దగ్గర, ఫ్యాక్టరీ సర్వేలో ఫ్యాక్టరీ దగ్గర. తెల్లవారుజామునే ఫ్యాక్టరీ బస్సులు ఊళ్ల మీదుగా తడ, శ్రీసిటీ వైపు పోతాయి, సరిహద్దు దాటి గుమ్మిడిపూండి వెళ్లేవాళ్లూ ఉన్నారు. అలా తమిళనాడు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి పీఎల్ఎఫ్ఎస్‌లో ఆంధ్రా తయారీ కార్మికుడు, ఏఎస్ఐలో తమిళనాడు కార్మికుడు. ఈపీఎఫ్‌లో అయితే కంపెనీ ఏ ఆఫీసు కింద రిజిస్టరైందో దాన్నిబట్టి ఉంటుంది. దక్షిణ నెల్లూరు గురించి రాసేవాళ్లు ఈ తేడా తప్పకుండా చెప్పాలి.

గూడూరు, సైదాపురం అభ్రకం గనుల లెక్కలు కొన్నేళ్లు కనిపించవు, ఎందుకు?

ప్రధానంగా వర్గీకరణ మారడం వల్ల. 2015 ఫిబ్రవరిలో అభ్రకం, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ సహా 31 ఖనిజాలను చిన్న తరహా ఖనిజాలుగా ప్రకటించి రాష్ట్రాలకు అప్పగించారు. 2025 ఫిబ్రవరిలో అభ్రకం, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, బెరైటీస్‌ను మళ్లీ ప్రధాన ఖనిజాల్లో చేర్చారు. కాబట్టి కేంద్ర గనుల బ్యూరో పట్టికల్లో మధ్య పదేళ్ల ఖాళీ చూసి గనులు మూతపడ్డాయనుకోవద్దు. ఆ పదేళ్లకు రాష్ట్ర గనుల శాఖ దగ్గర అడగాలి.

చీమకుర్తిలో ఒడిశా, బిహార్ కుర్రాళ్లు అంతమంది ఉన్నారు కదా, వాళ్లు ఎవరి లెక్కలో ఉంటారు?

చాలాసార్లు ఎవరి లెక్కలోనూ సరిగ్గా ఉండరు. క్వారీ పక్కన రేకుల షెడ్డులో ఆరేడుమంది కలిసి వండుకుని తింటూ, రెండు షిఫ్టుల మధ్య అదే మంచం మార్చుకుని పడుకునేవాళ్లు ఇంటి సర్వేకి దొరకడం కష్టం. సొంతూళ్లో అడిగితే "బయటికి పోయాడు" అంటారు. హాజరు పుస్తకం మేస్త్రీ చేతిలో ఉంటుంది, యజమాని రిజిస్టర్‌లో మేస్త్రీ పేరుంటుంది. ప్రమాదం జరిగినప్పుడు మాత్రమే వాళ్ల పేర్లు బయటికి రావడం నాకు బాధ కలిగిస్తుంది. మీరు చీమకుర్తి మీద రాస్తుంటే అధికారిక అంకె ఇచ్చి, అందులో వీళ్లు ఎంతవరకు ఉన్నారో అనుమానమేనని అదే వాక్యంలో చెప్పండి.

అమెరికా సుంకం పెంచినప్పుడు రొయ్యల ప్లాంట్లలో ఉద్యోగాలు ఎన్ని పోయాయో ఎలా తెలుసుకోవాలి?

2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది, మన రొయ్యకు అమెరికా పెద్ద మార్కెట్. ఇలాంటప్పుడు ప్లాంట్‌లో మొదట తగ్గేది మనుషుల సంఖ్య కాదు, రోజులు. రొయ్య ఒలిచే ఆడవాళ్లలో చాలామందికి కిలో లెక్కన కూలి. వారానికి ఆరు రోజులు వచ్చే వ్యాన్ మూడు రోజులే వస్తుంది, వచ్చిన రోజు కూడా మధ్యాహ్నానికే సరుకు అయిపోతుంది. రిజిస్టర్‌లో పేరు అలాగే ఉంటుంది, వారపు స్థితి సర్వేలోనూ గంట పనిచేసింది కాబట్టి పనిలో ఉన్నట్టే. కనుక ఎంతమందిని తీసేశారు అని అడిగితే సున్నా అని వస్తుంది. నెలలో ఎన్ని రోజులు వ్యాన్ వచ్చింది, ఎన్ని కిలోలు ఒలిచావమ్మా అని అడగండి, అప్పుడు నిజం తెలుస్తుంది.

## సొంతంగా లెక్క తీసేటప్పుడు

మా మండలం మీద నేనే చిన్న లెక్క తీయాలంటే ఎలా?

ఒకే ఫారం, ఒకే నెల, అవే యూనిట్లు, ప్రతి ఏడాదీ. ముందు ఫ్యాక్టరీలు, క్వారీలు, రైస్ మిల్లులు, ఇటుక బట్టీల జాబితా రాసుకోండి, మూసేసినవాటిని కూడా జాబితాలోంచి కొట్టేయకుండా సున్నా వేసి ఉంచండి, లేకపోతే మిగిలినవాటి సగటు బాగున్నట్టు కనిపిస్తుంది. ప్రతి చోటా నాలుగే అడగండి: ఆ వారం ఎంతమంది వచ్చారు, అందులో ఆడవాళ్లెంతమంది, కాంట్రాక్ట్ ఎంతమంది, నెలలో ఎన్ని రోజులు నడిచింది. జీతం అడిగితే యజమాని మాట్లాడటం ఆపేస్తాడు, అది కార్మికుల్నే అడగాలి. షిఫ్టు మారే టైమ్‌లో గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడితే, ఆఫీసులో చెప్పిన అంకెకూ బయటికి వచ్చిన జనానికీ పొంతన ఉందో లేదో మీకే తెలుస్తుంది. ఎవరి పేరూ రాసుకోకండి, వాళ్ల పని పోయే ప్రమాదం ఉంది.

సమాచార హక్కు కింద అడిగితే ఇస్తారా?

మొత్తం అంకెలు ఇవ్వాలి. మండలం వారీగా రిజిస్టర్డ్ ఫ్యాక్టరీలెన్ని, కార్మికులెంతమంది అని ఫ్యాక్టరీల శాఖ జిల్లా కార్యాలయాన్ని అడగొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. ఏఎస్ఐలో ఒక్కో కంపెనీ ఇచ్చిన వివరాలు మాత్రం చట్ట ప్రకారం గోప్యం, అవి అడిగి కాలం వృథా చేసుకోవద్దు. ప్రశ్న చిన్నదిగా, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకో స్పష్టంగా ఉంటే తిరగ్గొట్టడానికి వాళ్లకు సాకు ఉండదు.

కొత్త ఫ్యాక్టరీ మీద మా ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నారు. ఉద్యోగాల గురించి ఏం అడగాలి?

ముందు పర్యావరణ ప్రభావ నివేదిక తెప్పించుకోండి, తెలుగు సారాంశం కూడా ఉంటుంది. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం సభకు ముందే అది జనానికి అందుబాటులో ఉండాలి. అందులో ఉద్యోగాల పేజీ వెతికి, కట్టేటప్పుడు ఎంతమంది, నడిచేటప్పుడు ఎంతమంది, నేరుగా ఎంతమంది, కాంట్రాక్ట్ ఎంతమంది అని విడివిడిగా ఉందో లేదో చూడండి. లేకపోతే సభలో మైకు తీసుకుని అదే అడగండి, చెప్పిన జవాబు మినిట్స్‌లో (సభలో జరిగింది అధికారులు రాసే నమోదులో) రాయించండి. పత్రికలో ఎన్ని వేలని వచ్చినా, మూడేళ్ల తర్వాత మీరు పట్టుకుని నిలదీయగలిగేది మినిట్స్‌లో ఉన్న అంకెనే. దాని జిరాక్సు గ్రామ సచివాలయంలో ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచుకోండి.